గెలిచీ సభకు వెళ్లని కౌంటెస్

మొన్న మా అమ్మాయి స్కూలు క్విజ్‌లో ఒక ప్రశ్న అడిగారట: బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన మొట్టమొదటి స్త్రీ ఎవరు? అమ్మాయి నాన్సీ ఆస్టర్ అని రాసింది. మార్కు పోయింది. నేనూ అదే అనుకునేదాన్ని. పట్టుదలకొద్దీ లైబ్రరీకి వెళ్లి చూశాను. ఆస్టర్ 1919లో సభలో కూర్చున్న మొదటి ఆవిడ. అంతకు ముందు 1918 డిసెంబరులోనే, లండను హాలోవే జైల్లో ఉండి గెలిచినావిడ కాన్‌స్టెన్స్ మార్కివిచ్.

ఈవిడ ఐర్లండు జమీందారు బిడ్డ. 1868లో లండనులో పుట్టి, స్లైగో ప్రాంతంలో లిస్సడెల్ అనే పెద్ద బంగళాలో పెరిగింది. గుర్రపు స్వారీలు, వేటలు, విక్టోరియా రాణి దర్బారు అన్నీ చూసింది. చిత్రకళ నేర్చుకోవడానికి పారిస్ వెళ్లి, అక్కడ పరిచయమైన పోలండు కౌంటును 1900లో పెళ్లాడి కౌంటెస్ అయింది. అటువంటి మనిషి 1913లో డబ్లిన్ యజమానులు కార్మికులను లాకౌట్ చేస్తే, వాళ్ల కుటుంబాలకు సూపు కాచి పోసింది. 1916 తిరుగుబాటులో తుపాకి పట్టింది. మరణశిక్ష పడింది; ఆడది కదా అని యావజ్జీవంగా మార్చారు. మరుసటి ఏడు విడిచిపెట్టి, 1918లో మళ్లీ పట్టుకున్నారు. జైలు నుంచే గెలిచినా, రాజుకు విధేయత ప్రమాణం చేయనని లండను సభకు వెళ్లలేదు. 1919లో ఐరిష్ వారు డబ్లిన్‌లో పెట్టుకున్న సొంత సభలో కార్మిక మంత్రి అయింది.

ఇదంతా చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం మా బీరువాలో ఉంది. అది బ్రిటిష్ పౌరసత్వం ఫారం. మా వారు ఎనిమిదేళ్ల క్రితమే తీసుకున్నారు. నేను మాత్రం రాజుగారికీ, ఆయన వారసులకూ విధేయురాలినని చెప్పి, ఇండియా పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలంటే వెనకాడుతున్నాను. "నోటిమాటే కదా, సౌకర్యం కోసం" అంటారు మా వారు.

ఆవిడకు నోటిమాట కాలేదు. 1921 ఒప్పందంలో మళ్లీ రాజుపేర ప్రమాణం ఉందని దాన్నీ వ్యతిరేకించింది. 1927 జూలైలో, డబ్లిన్ ఆసుపత్రిలో బీదల వార్డులో పోయింది. మరుసటి నెలలోనే ఆవిడ పార్టీవారు, అది వట్టి లాంఛనమని చెప్పుకుని, ప్రమాణ పుస్తకంలో సంతకాలు పెట్టి సభలోకి వెళ్లారు.

"చూశావా, వాళ్లూ పెట్టారు!" అని మా వారు నవ్వారు. నిజమే. వాళ్లను తప్పుపట్టను. వెళ్లినవాళ్లే తర్వాత అధికారంలోకి వచ్చి 1933లో ఆ ప్రమాణాన్ని తీసేశారు. ఆవిడ బతికి ఉంటే ఏం చేసేదో ఎవరు చెప్పగలరు?

ఫారం ఇంకా బీరువాలోనే ఉంది. రేపు నింపితే నింపుతానేమో. కాని ఇక దాన్ని నోటిమాట అని మాత్రం అనుకోలేను. మీలో నింపినవారూ ఉన్నారు, నింపనివారూ ఉన్నారు. ఏమనుకుని ఆ పని చేశారో, ఎందుకు మానారో వచ్చే సంచికకు నాలుగు ముక్కలు రాయండి. చదవాలని ఉంది.