సొరచేప కన్నా ఆ మేయరే భయం

పోస్టు కొంచెం పెద్దది. లంచ్ బ్రేక్‌లో కాదు, రూముకెళ్ళాక తీరిగ్గా చదవండి.

మొన్న 2025 లేబర్ డే సెలవులకి మా మేనల్లుడు "మావయ్యా, జాస్ సినిమాకి 50 ఏళ్ళయిందని మళ్ళీ థియేటర్లో వేశారు, పద" అని లాక్కెళ్ళాడు. నేను దుబాయ్ క్యాంపులో ఉన్నప్పుడు టీవీలో ఒకసారి చూశాను. అప్పుడు ఇంగ్లీషు ముక్క రాదు. చేప వస్తే అరిచాం, పోతే నవ్వుకున్నాం, అంతే.

మాది ఉప్పాడ దగ్గర పల్లెటూరు. మాకు సొర అంటే భయం ఏంటండి? బాలింతలకి పాలు పడతాయని మా అమ్మమ్మ సొర పిట్టు చేసి పెట్టేది. మనం తినే చేప మనల్ని తింటదా అని నవ్వొచ్చింది. కానీ ఇక్కడ వాళ్ళకి అలా కాదు. 1975 జూన్ 20న ఈ సినిమా వచ్చాక సముద్రంలో దిగాలంటేనే చాలామంది జంకారంట. జాన్ విలియమ్స్ కొట్టిన ఆ రెండు స్వరాల మ్యూజిక్‌కి ఆస్కార్ వచ్చింది. సినిమా చూడని పిల్లకాయలు కూడా ఇప్పటికీ స్విమ్మింగ్ పూల్లో అది పాడి పక్కోడి కాలు లాగుతారు. ఎండాకాలంలో పెద్ద సినిమాని ఒకేసారి వందల థియేటర్లలో దింపే అలవాటు ఈ సినిమా హిట్టయ్యాకే ఇక్కడ గట్టిపడింది.

ఇంకో సంగతి మన సైటు వాళ్ళకి నచ్చుద్ది. డైరెక్టర్ స్పీల్‌బర్గ్‌కి అప్పుడు 27 ఏళ్ళు. మసాచుసెట్స్‌లో మార్తాస్ వైన్‌యార్డ్ అనే దీవి దగ్గర నిజం సముద్రంలో షూటింగ్. 55 రోజుల్లో అవ్వాల్సిన పని 159 రోజులు పట్టింది. బ్రూస్ అని పేరు పెట్టుకున్న మర సొరచేప ఉప్పు నీళ్ళకి మాటిమాటికీ చెడిపోయేది. దాంతో చేపని ఎక్కువ చూపించకుండా నీళ్ళు, పీపాలు, మ్యూజిక్‌తోనే నడిపించాడు. గంట దాటేదాకా చేప సరిగ్గా కనపడదు. కనపడకపోవడమే అసలు భయం అయ్యింది.

కానీ ఈసారి నాకు చెమట పట్టించింది చేప కాదండి, మేయర్.

బ్రోడీ అని పోలీస్ చీఫ్ ఉంటాడు. న్యూయార్క్ నుంచి ఆ దీవికి వచ్చిన బయటోడు. నీళ్ళంటే భయం. ఒక అమ్మాయి చచ్చిపోగానే బీచ్ మూసెయ్యాలంటాడు. చిన్న చిన్న లంగర్ల బొమ్మలున్న కోటు వేసుకుని మేయర్ వస్తాడు. జూలై 4 సీజన్ పోతే ఊరు అప్పులపాలవుద్ది అంటాడు. బ్రోడీ తగ్గుతాడు. తర్వాత ఒక చిన్న పిల్లోడు పోతాడు. ఆ తల్లి నల్లబట్టల్లో వచ్చి బ్రోడీ చెంప మీద కొడుతుంది, తెలిసి కూడా ఎందుకు తెరిచి ఉంచావని. ఆవిడది తప్పంటాడు మేయర్. కాదంటాడు బ్రోడీ.

అక్కడ నేను లేచి బయటికొచ్చేశాను. పాప్‌కార్న్ కొనే వంకతో.

ఆరేళ్ళ కిందటి మాట. ఇక్కడే న్యూజెర్సీలో సీవర్ పైపు పని. ట్రెంచ్ ఏడు అడుగుల లోతు. రాత్రంతా వాన పడింది, పొద్దున చూస్తే గట్టు నెర్రెలిచ్చి ఉంది. ట్రెంచ్ బాక్స్ వేరే సైటులో ఉంది. బాక్స్ వచ్చేదాకా ఆపుదాం సార్ అన్నాను. అరగంట పనికి బాక్స్ ఎందుకు, రేపు ఇన్‌స్పెక్షన్ ఉంది అన్నాడు. నేను ఇంకో మాట అనలేదు. కొత్తగా సూపర్‌వైజర్ అయ్యాను, ఇంటి అద్దె, ఊళ్ళో అప్పు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

ఈక్వెడార్ తమ్ముడొకడు దిగాడు. పది నిమిషాలకి గట్టు విరిగి నడుం దాకా కప్పేసింది. అందరం చేతుల్తో తవ్వాం. ఫైర్ వాళ్ళు వచ్చి తీశారు. బతికాడు. తుంటి ఎముక విరిగింది, ఇప్పటికీ కుంటుతాడు.

ఆసుపత్రిలో అతని భార్య స్పానిష్‌లో ఏదో అడిగింది. పక్కనున్న పదేళ్ళ కొడుకు నాకు ఇంగ్లీషులో చెప్పాడు: "అది పడిపోద్దని నీకు ముందే తెలుసా అని మా అమ్మ అడుగుతోంది."

తెలీదన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని దండం పెట్టింది. కొట్టినా బాగుండేది.

ఈ సినిమాకి మూలమైన నవల రాసిన పీటర్ బెంచ్లీ, జనం భయంతో సొరచేపల్ని వేటాడి చంపడం చూసి బాధపడ్డాడు. తర్వాత చాలా ఏళ్ళు సొరచేపల్ని కాపాడాలని చెప్తూ తిరిగాడు. అంత పేరు తెచ్చిన పుస్తకం గురించే అలా చెప్పగలిగాడు. నాదేముంది, ఒక ఫోన్ కాల్.

పోయిన ఆదివారం చేశాను. ఆ కొడుకే ఎత్తాడు, గొంతు మారిపోయింది. వాళ్ళ నాన్నకి ఇమ్మన్నాను. "ఆ రోజు నాకు తెలుసు అన్నా, ఆపలేదు" అన్నాను. చాలాసేపు మాట లేదు. తర్వాత తనకొచ్చిన ఇంగ్లీషులో అన్నాడు: "నేను కూడా ఆ నెర్రె చూశాను. చూసే దిగాను." ఇంకేం అనలేదు. క్షమించాడో లేదో నాకు తెలీదు. నేనూ అడగలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. అయిదు అడుగులు, ఆపైన లోతున్న ట్రెంచ్‌కి గట్టి రాయి అయితే తప్ప రక్షణ ఉండాలి, అది ఓషా రూలు. రోజూ పని మొదలెట్టే ముందు, వాన పడ్డాక, తెలిసినోడు చూడాలి. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతున్న మట్టి ఒక కారంత బరువుండొచ్చు. ఓషాకి ఫిర్యాదు చేస్తే మీ పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు. కాగితాలు లేనోళ్ళు కూడా చెయ్యొచ్చు. నంబర్ 1-800-321-6742.

ఆ ఫోన్ కాల్‌కి ముందే, ఈ ఆరేళ్ళలో రెండుసార్లు పని ఆపాను. ఒకసారి ఉద్యోగం పోయింది. రెండు నెలలు మా అక్క ఇంట్లో తిన్నాను. చావలేదు కదా.

సూపర్‌వైజర్ తమ్ముళ్ళూ, మేయర్ కోటు ఎవడైనా వేసుకుంటాడు. గొయ్యి పక్కన నిలబడేది మాత్రం మనమే. నెర్రె కనపడితే ఆపండి.