ఎవరు? ఎవరిని? ఎవరికి?

బెర్లిన్ వీధుల్లో కాస్త తల వంచుకు నడవాలి. కొన్ని ఇళ్ల గుమ్మాల ముందు, కాలిబాట రాళ్ల మధ్య, అరచేతిలో ఇమిడే ఇత్తడి పలకలు మెరుస్తుంటాయి. "ఇక్కడ నివసించినది" అని ఒక పేరు, పుట్టిన ఏడు, పట్టుకుపోయిన ఏడు. నాజీలకు బలియైన వారి గుర్తుగా గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు ఈ నగరంలో 1996లో వీటిని పొదగసాగాడు. 2023లో న్యూరెంబర్గులో లక్షవది పొదిగారు.

జర్మను ప్రశ్నపదాలు నాకు ఇక్కడే ఒంటబట్టాయి. ఉన్నది ఎవరు? వేర్. పట్టుకుపోయింది ఎవరిని? వేన్. ఇది ఎవరి ఇల్లు? వెస్సెన్. ఇంగ్లీషు దారిన పోతే ఇది ముళ్లబాట. తెలుగు దారిన రాచబాట. అడగడమంటే మనకు 'ఎవరిని', వాళ్లకూ వేన్. సాయపడడమంటే మనకు 'ఎవరికి', వాళ్లకు వేమ్.

తేడా ఒకటుంది. వేర్‌కు ఆడామగా, చిన్నాపెద్దా భేదం లేదు. మనకు ఎవడు, ఎవతె, ఎవరు అన్నీ ఉన్నాయి. అయినా ఆ పలకపై పసివాడి పేరున్నా నా నోట 'ఎవరు' అనే వచ్చింది.

ఆ గుమ్మానికి ఇరుగుపొరుగులుండేవారు కదా! వారిని అడగవలసిన మాట ఒక్కటే మిగిలింది: వేమ్? ఆనాడు మీరు సాయపడింది ఎవరికి?