ఉతుకుల లెక్క కొట్టేసిన టెండరు

పుదుచ్చేరి దగ్గరి వీరాంపట్టినంలో రోడ్లు ఊడ్చేవాళ్లకు కొన్న రిఫ్లెక్టర్ జాకెట్ల స్పెసిఫికేషన్ రాసింది నేనే. ఏ ఆఫీసు తరఫున రాశానో చెప్పను, ఆ రాత మాత్రం నాదే. అరపేజీ కాగితం. రంగు నారింజ, గుడ్డ పాలిస్టర్, ముందూ వెనకా వెండిరంగు పట్టీలు, సైజు ‘ఫ్రీ’. అందరికన్నా తక్కువ ధర వేసినవాళ్లకు, అంటే ఎల్‌1కి, ఆర్డరు.

ముసాయిదాలో ఇంకో వాక్యం ఉండేది. జాకెట్టు ఎన్ని ఉతుకులకు నిలవాలో చెప్పే వాక్యం. దాన్ని కొట్టేశాను. కొట్టేయడానికి రూలు కూడా చూసుకున్నాను. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 144వది, అక్కర్లేని హంగులు పెట్టి ఖర్చు పెంచొద్దంటుంది. ఉతుకుల మాట ఎత్తితే సరఫరాదారులు కొందరు తప్పుకుంటారు, పోటీ ఎందుకు తగ్గిందని ఆడిట్‌వాళ్లు అడుగుతారు. ఎల్‌1కి ఇచ్చేస్తే ఆ బాధ లేదు. కొనుగోళ్ల సెక్షన్‌లో పనిచేసిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. అయితే అదే రూలు, అంతకు ముందు వాక్యంలోనే, సంస్థ ప్రత్యేక అవసరాలను బట్టి నాణ్యతను స్పష్టంగా రాయమంటుంది. ఆ ముక్క నాకు తెలియక కాదు. నా భయానికి పనికొచ్చిన సగమే పట్టుకున్నాను.

మాది యానాం. బదిలీ మీద పుదుచ్చేరి వచ్చాక కూడా వీరాంపట్టినం నాకు ఫైల్లో ఒక పేరు, అంతే. జాలర్ల ఊరది. ఇళ్లు దాటితే ఇసుక, ఆపైన సముద్రం. తమిళుల ఆడి మాసంలో ఐదో శుక్రవారం సెంగళునీర్ అమ్మన్ రథోత్సవం జరుగుతుంది. రథం తాడును పాలకుడే ముందుగా లాగే ఆచారం ఫ్రెంచివాళ్ల కాలం నుంచీ ఉంది, ఇప్పుడది లెఫ్టినెంట్ గవర్నరు వంతు. జనం రాకముందు చీకట్లో ఊడ్చేదీ, జనం పోయాక మళ్లీ ఊడ్చేదీ ఈ జాకెట్లవాళ్లే. ఉప్పుగాలి, చెమట, చేపల నీళ్లు పడ్డ గుడ్డను రోజూ ఉతక్క తప్పదు. ఆ సంగతి ఊరికి ఒక్కసారి వెళ్లినా తెలిసేది. టెండరు ముందు నేను వెళ్లలేదు.

వెళ్లేసరికి పట్టీలు పొరలు లేచి ఉన్నాయి. నారింజ రంగు వెలిసి లేత గోధుమలోకి దిగింది. ఓ పెద్దావిడ జాకెట్టు పక్కలను రెండు ముడులేసి బిగించుకుంది. ఎందుకమ్మా అంటే, “కొంగు దోపుకోవాలి కదా సార్? ముడెయ్యకపోతే వంగినప్పుడల్లా చెత్తలో పడుతుంది,” అంది. మిగతావాళ్లు సూపర్‌వైజరు కనబడితేనే తొడుక్కుంటున్నారట. గాలాడని పాలిస్టర్‌ను ఆ ఉక్కలో ఒంటిమీద ఉంచుకోవడం ఎంత కష్టమో, నేనూ ఒకటి తొడుక్కుని చూశాక ఒప్పుకున్నాను.

జాకెట్టు పని రెండు రకాలు. వెలుతురులో కాపాడేది మెరిసే రంగు. చీకట్లో ఆ రంగు దండగ, కాపాడేది పట్టీ. మనవాళ్లు రేడియం పట్టీ అంటారు గానీ రేడియంతో దానికి సంబంధం లేదు. అందులో సన్నని గాజు పూసలు, వాటి వెనక అల్యూమినియం పూత ఉంటాయి. హెడ్‌లైటు వెలుగును అవి వచ్చిన దారినే డ్రైవరు కంటికి తిప్పి పంపుతాయి. ఉతుకులకు, రాపిడికి పూసలు రాలతాయి, ఉప్పుతేమ అల్యూమినియాన్ని తింటుంది. ఆ తర్వాత పట్టీ మామూలు బూడిదరంగు గుడ్డే. తొడుక్కున్న మనిషి మాత్రం లారీవాడికి తాను కనబడుతున్నాననే అనుకుంటుంది. నన్ను ఎక్కువగా భయపెట్టింది ఇదే.

ఇదంతా కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. మన దేశంలో ఐఎస్ 15809, అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 20471 ఉన్నాయి. రెండోదాని ప్రకారం రెండో తరగతి జాకెట్టుకు మెరిసే గుడ్డ కనీసం 0.50 చదరపు మీటరు, పట్టీ 0.13 చదరపు మీటరు ఉండాలి. ఆవిడ పక్కలు ముడేసుకోగానే ఆ కొలత ఏమైనట్టు? గరిష్ఠంగా ఎన్ని ఉతుకులో లేబుల్ మీద చూపే పద్ధతీ అందులో ఉంది. మా సరఫరాదారు టెస్ట్ రిపోర్టు జతచేశాడు. అందులో ఉతక్కముందు కొలతలే ఉన్నాయి. నేను పేజీలు లెక్కపెట్టి, సీలు చూసి, టిక్కు పెట్టాను.

మాటవరసకు లెక్క వేద్దాం. 120 రూపాయల జాకెట్టు 10 ఉతుకులకు పోతే ఉతుకుకు 12 రూపాయలు. 350 పెట్టినది 50 ఉతుకులు నిలిస్తే 7 రూపాయలు. ఈ చిన్న భాగహారం ఫైల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే మా పోలిక పట్టికలో ఉన్నది ఒక్కటే గడి: యూనిట్ ధర.

పాడైనవి ఎక్కడికి పోతున్నాయని అడిగాను. కొన్ని మసిగుడ్డలయ్యాయి, కొన్ని మంటల్లోకి పోయాయి. పాలిస్టర్, గాజు, అల్యూమినియం, జిగురు కలిసిపోయిన గుడ్డను విడదీసి మళ్లీ నూలు చేయడం అంత తేలిక కాదు. పర్యావరణ హిత వస్తువులకు మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ మనకు 1991లోనే వచ్చింది, అందులో బట్టలూ ఉన్నాయి. నేను రాసిన ఏ టెండరులోనూ ఆ మాట లేదు. నెదర్లాండ్స్ రక్షణ శాఖ తువాళ్లు, ఓవరాల్స్ కొంటూ, అందులో కనీసం 10 శాతం వాడేసిన బట్టల నుంచి తీసిన నార ఉండాలని షరతు పెట్టింది. అడిగితే ఇచ్చేవాళ్లు దొరికారు.

రెండోసారి స్పెసిఫికేషన్ మూడు పేజీలైంది. ఉతికాక తీసిన కొలతలు అడిగాను. వెనక జాలీగుడ్డ, పక్కల బిగించుకునే పట్టీలు, ఆడవాళ్లకు వేరే సైజులు పెట్టాను. ఆర్డరుకు ముందు నమూనాలను ఊడ్చేవాళ్లే తొడుక్కుని చూడాలన్నాను. ధర పెరిగింది, ఊహించినట్టే ఆడిట్ ప్రశ్నా వచ్చింది. భాగహారం చేసి చూపించాను, ఒప్పుకున్నారు. అరిగిన జాకెట్లను సరఫరాదారే వెనక్కి తీసుకోవాలన్న షరతుకు మాత్రం ప్రీ-బిడ్ సమావేశంలో ఒక్కరూ సరేననలేదు. ఆడి మాసం దగ్గర పడుతోంది. ఆ షరతును కొట్టేశాను. ఈసారి ఎందుకు కొట్టేశానో ఫైల్లో నోటు రాసి సంతకం పెట్టాను.