ఇద్దరు హీరోల సీమలో మూడో హీరో

సముద్రం చూడాలంటే అందరూ విశాఖపట్నం రైలెక్కుతారు. ఈసారికి మాత్రం మీరు విజయవాడలో బందరు వెళ్లే పాసింజరు ఎక్కండి. ఖర్చు తక్కువ, కాలక్షేపం ఎక్కువ! పైగా సినిమా ప్రియులకు ఇది తీర్థయాత్రే.

నేను ముందు గుడివాడ జంక్షన్‌లో దిగాను. ఈ చుట్టుపక్కల చేలగట్ల మీద ఏం మహిమ ఉందోగానీ, 1922లో చౌటపల్లిలో ఘంటసాల, 1923లో నిమ్మకూరులో ఎన్.టి.రామారావు, 1924లో రామాపురంలో అక్కినేని నాగేశ్వరరావు పుట్టారు. వరసగా మూడేళ్లు, ముగ్గురు మహానుభావులు! కైకాల సత్యనారాయణది కూడా ఇక్కడి కౌతవరమే. ఓ తమాషా చూడండి. 2022లో జిల్లాలు విడదీసి విజయవాడ జిల్లాకు ఎన్టీఆర్ పేరు పెట్టారు. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది!

మళ్లీ రైలెక్కితే పెడన వస్తుంది. చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం వేసే ఊరు. ఆ తర్వాత బందరు, అదే మచిలీపట్నం. తెలుగు సినిమాకు పితామహుడు రఘుపతి వెంకయ్య ఈ ఊరివాడే. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు సరేసరి. తొక్కుడు లడ్డు తినకుండా ఊరు దాటితే పాపం చుట్టుకుంటుంది!

ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో మంగినపూడి బీచి. ఇక్కడ తెల్లటి ఇసక ఉండదు, పాదాలకు నల్లమట్టి అంటుకుంటుంది. అలలు కూడా మెత్తగా వచ్చి పలకరించి పోతాయి. ఇంత సాధువైన సముద్రమా అనుకున్నాను. కానీ ఈ సముద్రమే 1864 నవంబరులో బందరు మీద పడి సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది.

అక్కణ్ణుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సులో అవనిగడ్డ చేరాను. దివిసీమ! 1977 నవంబరు 19, శనివారం. ఆ ఏడాది ‘అడవిరాముడు’ రాష్ట్రాన్ని ఊపేసింది. ‘చాణక్య చంద్రగుప్త’లో రామారావు, నాగేశ్వరరావు కలిసి నటించారు. అలాంటి ఏడాది చివర ఉప్పెన వచ్చింది. తాటిచెట్లంత అల అని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చనిపోయినవాళ్లు 10 వేలకు పైమాటే. అల వచ్చి ఆగినచోట, అవనిగడ్డ దగ్గర స్మారక స్తూపం ఉంది. అప్పుడు ఆ ఇద్దరు హీరోలూ వీధుల్లోకి వచ్చి బాధితుల కోసం చందాలు పోగుచేశారు. తెరమీద పోటీలు పడ్డవాళ్లు జనం ముందు కలిసి చెయ్యి చాచారు.

కోడూరు దాటి హంసలదీవి వెళ్లాను. వేణుగోపాలస్వామి గుడి, ఆపైన కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. ఇక్కడ మునిగిన కాకి హంసై తేలిందని స్థలపురాణం. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయనతో మాట కలిపాను.

‘‘తాతా, ఉప్పెన నాటికి నీకెన్నేళ్లు?’’

‘‘పదిహేను బాబూ. మడచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నా. ఆ చెట్టే నన్ను కన్నతల్లి.’’

‘‘హీరోలు వచ్చారటగా?’’

‘‘వచ్చారు, మేలు చేశారు. కాకపోతే వాళ్లొచ్చింది అల పోయాక. అల వచ్చినప్పుడు అడ్డం నిలబడింది మాత్రం మడే!’’

తాత మాటల్లో అతిశయోక్తి లేదు. బురదలో వేళ్లు పాతుకుని, ఉప్పునీళ్లలో బతికే ఈ మడఅడవి ఉప్పెన అల జోరు తగ్గిస్తుంది, గాలిని కాచుకుంటుంది. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు ఉయ్యాల అవుతుంది. ఆ తీరానికే శీతాకాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నరికితే వంటచెరుకు, చదును చేస్తే చెరువు, ఉంచితే ప్రాణం. ఏది కావాలో మనమే తేల్చుకోవాలి.

మీరూ వెళ్లండి. నిమ్మకూరులో ఫోటో దిగి వెనక్కి తిరగకండి. సంగమం దగ్గర నీళ్లలోకి మాత్రం దిగకండి, లోతు మోసం చేస్తుంది. ప్లాస్టిక్ సంచులు అక్కడ పారేయకండి. ఇద్దరు హీరోలకు చప్పట్లు కొట్టిన చేతులతో ఆ మూడో హీరోకి కూడా ఓ నమస్కారం పెట్టి రండి!