కోట మీద దీపం మళ్లీ వెలిగింది



ఈ నెల గోడపత్రికలో కింది వరుసలో అంకెలు వేసిన చీటీలు వేలాడుతున్నాయి కదా. "ఇదేమి కథ, మొదలు ఒక చోట, మిగతాది ఒక చోట" అని చాలామంది అడిగినారు. ఆ కథ ఎట్ల ఆగిపోయిందో, మేము ఎట్ల లేపినామో, దానివల్ల నాకు ఏమి తెలిసివచ్చిందో రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నాకు తెలుగు సరిగా రాదు. తండాలో మేము మా సుగాలి మాటే మాట్లాడుతాము. మా యాడికి, బాపుకు వేలిముద్రే. అప్పుడు తొమ్మిదో తరగతి అక్కలు గోడపత్రికలో "కోట మీద దీపం" అనే కథ నెల నెలా పెట్టేవారు. ఆ కథలో రాజు లేడు, రాకుమారి లేదు. చదివే నువ్వే కథలో ఉంటావు. ఎమ్మిగనూరులో ఒక మగ్గం ఇంట్లోనుండి రాత్రిపూట బయలుదేరి, ఆదోని కోట మీద ఆరిపోయిన దీపం వెలిగించాలి. ప్రతి చీటీ చివర ఒక ప్రశ్న ఉంటుంది. బండిబాటన పోతే 7 చదువు. గుట్ట ఎక్కితే 12 చదువు. ఒక్కొక్కసారి రాక్షసి మింగేస్తుంది. అప్పుడు మళ్లీ 1కి పోవాలి. అన్నం గంట కొట్టినా నేను అక్కడనుండి కదిలేదాన్ని కాదు. ఆ చీటీలు చదవడానికే నేను తెలుగు నేర్చుకున్నానంటే అబద్ధం కాదు.

తర్వాత ఆ అక్కలు పదో తరగతి రాసి వెళ్లిపోయినారు. ఎండాకాలం సెలవుల్లో గోడకు సున్నం కొట్టినారు. కథ పోయింది.

ఈ సంవత్సరం లైబ్రరీ బీరువా తుడుస్తుంటే పాత చార్టుల కింద ఒక అట్టపెట్టె దొరికింది. అందులో 30 చీటీలకు 19 ఉన్నాయి. కొన్నింటిని చెదలు తిన్నాయి. నేను, నా పక్క మంచం పిల్ల వాటిని ఇంగ్లీషు మేడం దగ్గరకు తీసుకుపోయినాము. మేడం చూసి నవ్వి, మరుసటి రోజు తన పెట్టెలోనుండి ఒక పాత పుస్తకం తెచ్చినారు. హైదరాబాదులో ఆబిడ్స్ దగ్గర ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారంట, అక్కడ కొన్నారంట. పేరు "ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్". 1982లో ఇంగ్లండులో స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టోన్ అనే ఇద్దరు రాసినారు. అందులో 400 ముక్కలు, అన్నీ కలగాపులగంగా. రెండు పాచికలు, ఒక పెన్సిలు, ఒక రబ్బరు ఉంటే చాలు, ఆడుతూ చదవవచ్చు. మా అక్కలు రాసింది కూడా ఇటువంటిదే. వాళ్లకు ఎవరు చెప్పినారో, వాళ్లకే తోచిందో!

మేడం ఇంకొక సంగతి చెప్పినారు. ఆ పుస్తకాల వరుస పేరు "ఫైటింగ్ ఫాంటసీ". 59 పుస్తకాలు వచ్చి 1995లో ఆగిపోయింది. పిల్లలు కంప్యూటరు ఆటల్లో పడినారు, ఇంకెవరు చదువుతారు అనుకున్నారు. కానీ 2002లో వేరే ప్రచురణకర్తలు మళ్లీ అచ్చు వేసినారు, 2017లో ఇంకొకరు వేసినారు. ఏ కంప్యూటరు వల్ల ఆగిందన్నారో అదే కంప్యూటరులో, ఫోన్లలో కూడా ఆ కథలు ఆటలుగా వచ్చినాయి. ఇటువంటివే "లోన్ వుల్ఫ్" పుస్తకాలు. మొదటిది 1984లో వచ్చింది. వాటిని రాసిన జో డెవర్ గారు 1999లో, నా కథలు ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టుకోండి అని చదివేవాళ్లకే అనుమతి ఇచ్చినారు. ఆయన 2016లో చనిపోయినారు. ఆయన రాసి పెట్టుకున్న నోట్సు చూసి ఆయన కొడుకు, ఇంకొక రచయిత కలిసి మిగిలిన పుస్తకాలు రాసినారు.

తెలుగు సారుకు ఇది చెబితే, "మనకు బేతాళుడు లేడా?" అన్నారు. 1947 జూలైలో మొదలైన చందమామలో బేతాళ కథ ప్రతిసారి ప్రశ్న దగ్గర ఆగుతుంది. విక్రమార్కుడు జవాబు చెప్పేలోపల మనం పుస్తకం మూసి మన జవాబు మనం చెప్పుకోవచ్చు. సారు చిన్నప్పుడు వాళ్ల అవ్వ అట్లనే ఆపి అడిగేదంట. చందమామలో మాంత్రికుల కథలు, రాక్షసుల కథలు ధారావాహికలుగా రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు కూడా ఆ కథల మీద వేసేవారు కాదంట. చందమామ 1998లో ఆగింది, మళ్లీ లేచింది, 2013 నాటికి మళ్లీ ఆగిపోయింది. అయినా పాత సంచికలను అభిమానులు స్కాన్ చేసి దాచిపెట్టినారు. సారు తన ఫోనులో తెరిచి చూపించినారు. బొమ్మలు కొత్తవిగానే ఉన్నాయి.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. 19 ముక్కలు మన చేతిలో ఉన్నాయి, 11 మనం రాసుకోవచ్చు అనుకున్నాను.

రాయడం అనుకున్నంత సులువు కాదు. ముందు పెద్ద చార్టు మీద చెట్టు బొమ్మ గీసి, ఏ కొమ్మ ఎక్కడికి పోతుందో అంకెలు వేసుకోవాలి. మేము వేసుకోకుండా మొదలుపెట్టినాము. 17 చదివితే 23కి పో అని, 23 చదివితే 17కి పో అని రాసినాము. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె స్టడీ అవర్ అంతా ఆ రెండింటి మధ్యనే తిరిగి, "అక్కా, నాకు దారి దొరకలే" అని ఏడుపు మొహం పెట్టింది.

పాచికలు మన దగ్గర లేవు. చింతగింజలను బండకు అరగదీసి ఒక పక్క తెల్లగా చేసినాము. ఆరు గింజలు వేసి, ఎన్ని తెల్లగా పడితే అంత బలం. ఆరూ తెల్లగా పడేది 64 సార్లకు ఒక్కసారే అని లెక్కల సారు బోర్డు మీద చేసి చూపించినారు. అందుకే రాక్షసిని గెలవడానికి నాలుగు చాలు అని పెట్టినాము.

కంప్యూటరు సారు శనివారం పీరియడ్‌లో ఒక్కొక్క చీటీని ఒక్కొక్క స్లైడు చేయించినారు. అంకె మీద నొక్కితే ఆ ముక్క వస్తుంది. తెలుగు టైపు చేయడానికి నాకు ఒక ముక్కకు అరగంట పట్టింది. ఇక సున్నం కొట్టినా మా కథ పోదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను.

14వ చీటీలో అక్కలు రాక్షసి బండి అని రాసినారు. నేను దాన్ని సుగ్గి లారీ అని మార్చినాను. ఆదోని, ఎమ్మిగనూరు దిక్కు పల్లెలనుండి మిరపకాయల కోతకు గుంటూరుకు పోయే సుగ్గి మనలో చాలామందికి తెలుసు. నేను రాసింది ఇది: తండా ముందర లారీ నిలబడింది. ఎక్కితే 21 చదువు. ఎక్కకుండా బడి దిక్కు పరుగెత్తితే 15 చదువు. 21లో ఏమి రాసినానంటే: లారీ నిన్ను మింగేసింది. నీ కథ ముగిసింది. మళ్లీ 1కి పో.

చాలా బాగా రాసినానని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయినాను.

ఉగాది ముందర ఆదివారం మా యాడి, అక్క నన్ను చూడడానికి వచ్చినారు. అక్క ఏడో తరగతితో బడి మానేసింది. నాలుగేండ్లనుండి సుగ్గికి పోతుంది. ఆమె వేళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నేను గొప్పగా గోడ దగ్గరకు తీసుకుపోయినాను. అక్క వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకుంటూ వచ్చింది. 14 దగ్గర నిలబడింది. నా దిక్కు చూడకుండానే 21 తీసింది.

చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా మాటలో అన్నది. నేను తెలుగులో రాస్తున్నాను. "నేను ముగిసిపోయినానా?"

"ఇది కథ అక్కా" అన్నాను.

"ఆ పొద్దు నేను ఎక్కకుంటే యాడి ఒక్కతే పోవల్ల. నీ పెట్టె, నీ దుప్పటి యాడనుండి వచ్చినాయి? మళ్లీ 1కి పో అని రాసినావు. నాకు ఒకటి యాడుందే?"

యాడికి చదువు రాదు కాబట్టి మేమేమి మాట్లాడుకుంటున్నామో అర్థం కాక ఇద్దరి మొహాలు చూస్తా ఉండింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను బడిలో ఉండి రాక్షసిని గెలిచినాననుకున్నాను. నన్ను ఇక్కడికి పంపడానికి లారీ ఎక్కింది ఎవరో మరిచిపోయినాను.

ఆ రోజు సాయంత్రం నాలుగు గంటల దాకా అక్క దగ్గర కూర్చుని అన్నీ అడిగినాను. పొలంలో గుడిసె ఎట్ల వేస్తారు, నీళ్లు ఎంత దూరం, రాత్రి చేతుల మంటకు ఏమి పూస్తారు, ఏ పాటలు పాడుకుంటారు. వార్డెన్ మేడం గారు లైట్లు ఆర్పే టైము ఆ రాత్రి ఒక గంట పెంచినారు. అందుకు వారికి నా కృతజ్ఞతలు.

21 చించి మళ్లీ రాసినాను. ఇప్పుడు అక్కడ కథ ముగియదు. లారీ ఎక్కినదాన్ని 31కి పొమ్మంటుంది. 31నుండి 38 దాకా ఎనిమిది కొత్త చీటీలు మిరప చేనులోనే నడుస్తాయి. ఆ దారి పొడుగు. కానీ దానికీ చివర కోట ఉంది. బడి దారిన వచ్చినవాళ్లు కోట ముందర వాకిలి నుండి పోతారు. సుగ్గి దారిన వచ్చినవాళ్లకు కోట వెనక దిడ్డివాకిలి కనబడుతుంది. లోపల దీపం ఒకటే.

తెలుగు సారు అక్కకు ఓపెన్ స్కూలు పదో తరగతి గురించి చెప్పి ఒక ఫారం ఇచ్చినారు. అక్క దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దాచుకుంది. నింపిందో లేదో తెలియదు. నేను అడగలేదు.

39, 40 చీటీలు ఖాళీగా పెట్టినాము. అవి మీరు రాయవలెను. రాసి తెలుగు సారు టేబులు మీద పెట్టండి. ఒకటే షరతు. ఎవరినీ ఊరకే చంపి 1కి పంపకూడదు. ఎక్కడికి పోయినా ఇంకొక అంకె ఉండాలి.

ఇంకొక మాట. ఆడిన తర్వాత చింతగింజలు డబ్బాలో వేసి పోండి. పోయిన వారం రెండు తక్కువ వచ్చినాయి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి