వంటింటి తపస్సు

ఎనిమిది రోజులపాటు నేను మాట్లాడకుండా ఉంటానంటే మా వారు మొదట నమ్మలేదు. నమ్మిన తరువాత సంతోషించారు. ఆ సంతోషం కనబడకుండా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు గాని, పుస్తకం వెనక భుజాలు కదలడం నేను చూడకపోలేదు.

"ముప్ఫయి నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన గొంతు గదా, ఆగుతుందంటావా?" అన్నారు.

"ఆగుతుంది," అన్నాను, కాస్త కోపంగానే.

ఇది 2020 మార్చి నాటి సంగతి. కరోనా వచ్చి, ఆ నెల 25 నుంచి దేశమంతటా తలుపులు మూసుకున్న రోజులు. మేముండేది తాడేపల్లిలో. ప్రకాశం బారేజీ దాటితే బెజవాడ, బెజవాడలో గుణదల మాత కొండ. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఆ తిరునాళ్ళకు ఆ యేడు కూడా జనంలో ఒకరి కాలు ఒకరం తొక్కుకుంటూ వెళ్ళివచ్చాం. నెలన్నర తిరిగేసరికి బారేజీ మీద పోలీసులు, దేవాలయానికి తాళం. పుట్టి బుద్ధెరిగిన తరువాత తపస్కాలంలో పూజ లేని ఆదివారాన్ని చూడడం నాకదే మొదలు.

ఆ తపస్కాలంలోనే నేనొక రిట్రీటుకు వెళ్ళవలసి ఉంది. రిట్రీటంటే ఏమిటని మా ఎదురింటావిడ అడిగితే, "మీ వాళ్ళు దీక్ష పడతారే, అలాంటిదేనండీ" అని చెప్పాను. నాలుగు రోజులో ఎనిమిది రోజులో ఇల్లూ వాకిలీ వదిలి, మౌనంగా ఒకచోట ఉండి, గురువుల ప్రసంగాలు వింటూ తన బతుకు తాను తిరగేసి చూసుకోవడం. మా పక్కనే ఉన్న ఉండవల్లి గుహలు చూసినప్పుడల్లా నాకు అదే తోస్తుంది. ఇప్పుడక్కడ అనంతశయనుడు పడుకొని ఉన్నాడు గాని, అంతకు ముందు అవి సన్యాసుల నివాసాలంటారు. వానాకాలం మూడు నెలలూ బౌద్ధ భిక్షువులు తిరుగుడు మాని ఒకచోట కూర్చునేవారు. మనిషికి అప్పుడప్పుడు గుహ కావాలి. ఏ మతమైతేనేం?

గుహకు వెళ్ళే దారులే మూసేశారు. మార్చి 27 రాత్రి పదిన్నరకు టీవీ పెట్టాం. రోములో సెయింట్ పీటర్సు ముంగిట, వేలమంది పట్టే ఆ చోట, ఒక్క పురుగు లేదు. వాన పడుతోంది. ఎనభై మూడేళ్ళ పోపు ఫ్రాన్సిస్ గారు కుంటుతూ ఒక్కరే మెట్లెక్కి వస్తున్నారు. ఆయన మాటలకన్నా ఆ ఖాళీ నన్నెక్కువ కదిలించింది. మర్నాడు పొద్దున్నే హైదరాబాదు నుంచి మా అమ్మాయి నా సెల్లులోకి ఒక మూట పంపింది: ఒక గురువు ఎప్పుడో రికార్డు చేసిన రిట్రీటు ప్రసంగాలు, ఎనిమిది రోజులకు, రోజుకు మూడు చొప్పున. "అమ్మా, నువ్వు వెళ్ళలేకపోతే అదే నీ దగ్గరికి వస్తుందిలే" అంది.

ఇలా ఇంటినుంచి చేసే రిట్రీటు కొత్త సంగతేమీ కాదని ఆ ప్రసంగాల్లోనే తెలిసింది. ఇగ్నేషియస్ లొయోలా అనే స్పెయిను దేశపు సైనికుడికి 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగిగుండు తగిలి కాలు విరిగింది. మంచంలో పడి ఉండి, చదవడానికి వేరే ఏవీ దొరక్క క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు చదివాడు. లేచాక మన్రేసా అనే ఊళ్ళో దాదాపు ఏడాది గడిపాడు. అక్కడి గుహలో ధ్యానం చేసేవాడని చెబుతారు. తన మనస్సులో జరిగినదంతా రాసిపెట్టుకొని చేసిన చిన్న పుస్తకమే 'ఆధ్యాత్మిక సాధనలు'. పోపుగారు దాన్ని 1548లో ఆమోదించారు. పూర్తిగా చేస్తే నెల రోజుల సాధన అది. అయితే పనిపాటలు వదలలేనివాళ్ళ కోసం ఆయన అందులోనే ఒక సూచన చేర్చాడు: రోజుకు ఒక గంటన్నర తీరిక చేసుకొని ఇంటి పట్టునే చేయవచ్చునని. అయిదు వందల ఏళ్ళ కిందటి మగవాడికి మా వంటింటి గోల తెలిసినందుకు నేను ఎంతో మెచ్చుకున్నాను.

మా పుట్టింటివైపు ఫిరంగిపురం పల్లెల్లో పునీతుల పేర్లకు మా పలుకుబడి వేరు. రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, శౌరి అంటే జేవియరు. ఇగ్నేషియస్ అంటే ఇన్నాసి. మా అన్నయ్య పేరు ఇన్నాసి. ఆ పేరు వినగానే నేను ప్రసంగం ఒక్క నిమిషం ఆపేశాను. అతనితో నేను మాట్లాడి అప్పటికి పదకొండేళ్ళు.

మొదటి రోజు మౌనం ఎలా సాగిందో చెబితే మీరు నవ్వుతారు. స్వామివారు "మీలోని అలజడిని నెమ్మదింపజేసుకోండి" అనడం, కుక్కరు కూత వేయడం ఒక్కసారే జరిగాయి. పాలవాడికి లెక్క సైగలతో చెప్పబోతే నాకేదో జబ్బు చేసిందనుకొని రెండు గజాలు వెనక్కి గెంతాడు. మా వారు "ఉప్పు ఎక్కడుంది?" అని అడిగి, జవాబు రాక, ఉన్న డబ్బాలన్నీ వాసన చూస్తూ నిలబడ్డారు. ఆ నలభై నిమిషాల ప్రసంగం వినడానికి నాకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

ఇగ్నేషియస్ పద్ధతిలో ముందు చోటును మనస్సులో కట్టుకోవాలి. గలిలయ సరస్సు అంటే ఆ గాలి, ఆ నీళ్ళు, చేపల వాసన అన్నీ తెచ్చుకోవాలి. నేను చూడని గలిలయ నాకెలా వస్తుంది? సీతానగరం దగ్గర కృష్ణ ఒడ్డు వచ్చింది. పడవలో వల సర్దుకుంటున్నవాళ్ళు మా రేవు పల్లెకారులే. పోనీలెమ్మని అలాగే కానిచ్చాను.

ఇంకొకటి రోజుకు రెండుసార్లు చేసే ఆత్మశోధన. ముందు దేవుడిచ్చినవాటికి కృతజ్ఞత చెప్పుకొని, వెలుగు అడిగి, తరువాత గంట గంటకూ ఏం చేశామో వెనక్కి చూసుకోవాలి. ఆపైన క్షమాపణ, రేపటికొక నిర్ణయం. రెండో రోజున పాపాలు గుర్తుచేసుకోమన్నారు. కాగితం, కలం పట్టుకొని కూర్చున్నాను. మధ్యాహ్నానికి కాగితం రెండువైపులా నిండింది. చదువుకొని చూస్తే అందులో ఉన్నవన్నీ మా అన్నయ్య పాపాలు! ఉపాధ్యాయినిని గదా, అంకెలు వేసి మరీ రాశాను. నావి ఎక్కడా లేవు. ఆ కాగితం చించి పొయ్యిలో వేయలేక పోపుల పెట్టె కింద దాచాను.

సంగతి ఇది. 2009లో మా అమ్మ మూడు నెలలు మంచంలో ఉండి పోయింది. అన్నయ్య ఇంట్లోనే. ఆమె చేతికి నాలుగు బంగారు గాజులుండేవి. పోయాక చూస్తే లేవు. నలభయ్యో రోజు పూజ అయి, అందరూ భోజనాలకు కూర్చున్న వేళ, బంధువుల ముందు అన్నయ్యను నేను దొంగ అన్నాను. అతను విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు.

ఆరో రోజున క్రీస్తు శ్రమల ధ్యానం వచ్చింది. రాత్రి, చలి, ముంగిట మంట. పేతురు చేతులు కాచుకుంటూ, "ఆ మనిషి ఎవరో నేనెరుగను" అని మూడుసార్లు బొంకడం. చోటు కట్టుకోమన్నారు గదా, నాకు కళ్ళంలో మిరపకాయల కాపలాకు వేసే నెగడు కనిపించింది. నెగడు దగ్గర మా అన్నయ్య కూర్చొని ఉన్నాడు. ఎప్పుడో ఒక పెళ్ళిలో ఎవరో "మీ అన్నగారు రాలేదా?" అని అడిగితే, "నాకు అన్న లేడండీ" అన్న నా గొంతు నాకే వినపడింది. చటుక్కున సెల్లు ఆపేశాను.

రికార్డు ప్రసంగాలలో ఉన్న చిక్కు అదే. గుళ్ళో కూర్చుంటే గురువు ఎదుట లేచి పోలేము. ఇక్కడ ఆపే మీట మన చేతిలోనే ఉంటుంది. నొప్పి పుట్టిన చోటల్లా నొక్కవచ్చు. అరగంట తరువాత మళ్ళీ పెట్టాను. ఈసారి కాగితం మీద ఒక్క వాక్యమే రాశాను: 'అమ్మ మంచంలో ఉన్న మూడు నెలల్లో నేను వెళ్ళింది రెండుసార్లు.' పరీక్షలని, పేపర్లు దిద్దాలని ఏవో చెప్పాను. నా తప్పు నన్ను తినకుండా ఉండడానికి గాజుల గొడవ నాకు బాగా పనికివచ్చింది. ఫోను చేయాలని ఆ పూటే నిర్ణయించుకున్నాను. మనస్సు తేలికపడింది.

రాత్రికి అంతా తారుమారయింది. ఇన్నేళ్ళకు ఫోనేమిటి? ఆస్తి కోసమనుకుంటే? వదిన ఎత్తితే? ఎందుకొచ్చిన తద్దినం, వద్దనుకొని పడుకున్నాను. ఏడో రోజు ప్రసంగంలో ఇగ్నేషియస్ చెప్పిన నియమం ఒకటి వచ్చింది. మనస్సు చీకటిగా ఉన్న వేళ, అంతకు ముందు వెలుతురులో చేసిన నిర్ణయాన్ని మార్చుకోకూడదట. నిజమే గదా, గాలివాన రాత్రి ఎవరైనా ఇంటి గోడ పడగొట్టి కడతారా?

ఏప్రిల్ 4, శనివారం సాయంత్రం, వంటింటి తలుపు దగ్గరగా వేసి ఫోను చేశాను.

"ఎవరండీ?"

"నేనే అన్నయ్యా, తాడేపల్లి నుంచి."

కాసేపు ఏమీ లేదు. తరువాత వణికే గొంతుతో, "ఏమ్మా, అందరూ బాగున్నారా? ఎవరికైనా ఏమైనా..." అన్నాడు. ఆ రోజుల్లో ఉరుము లేని ఫోను వస్తే చావు కబురే అనుకునేవాళ్ళం గదా.

"అందరం బాగున్నాం."

"అమ్మయ్య!" అన్నాడు. ఇక మిరపకాయల గురించి చెప్పసాగాడు. కోతకు కూలీలు రావడం లేదు, గుంటూరు యార్డు మూతపడింది, కళ్ళంలో కాయ అలాగే ఉంది, వాన పడితే తాలయిపోతుంది. నేను ఊ కొడుతున్నాను. మిరపకాయలు అయిపోయాయి. ఇక నా వంతు.

"అన్నయ్యా, ఆ రోజు భోజనాల దగ్గర నేనన్న మాట తప్పు."

"గాజులు అమ్మ చేతే తీయించాను," అన్నాడు మెల్లగా. "అమ్మి ఆస్పత్రికి కట్టాను. కాయితం పెట్టెలో ఉంది. నువ్వడుగుతావని దాచాను. దొంగ అన్నావు గాని, ఏమయ్యాయని అడగలేదమ్మా నువ్వు."

నాకు మాట రాలేదు. అది నియమంతో వచ్చిన మౌనం కాదు.

"అమ్మ వాకిలి వంక చూస్తూ ఉండేది నీకోసం. నాకు కోపం దానికి," అని ఆగాడు. "దారులు తెరిచాక రా."

మర్నాడు మ్రానికొమ్మల ఆదివారం. కొమ్మలూ లేవు, ఊరేగింపూ లేదు. ఆ రాత్రి తొమ్మిదింటికి దేశమంతా దీపాలు పెట్టమన్నారు గదా, మా గడపలో ఒకటి ఎక్కువే పెట్టాను. గురువు దొరకని వేళ నిండు పశ్చాత్తాపంతో దేవునితోనే చెప్పుకొని, వీలు కాగానే పాపసంకీర్తనం చేయాలని ఆ మార్చిలోనే రోము గుర్తుచేసింది. దేవాలయాలు తెరిచాక వెళ్ళి చేశాను. రికార్డు ప్రసంగం చాలా దూరం తీసుకుపోతుంది గాని, ఆ పని మాత్రం దానివల్ల కాదు.

దారులు తెరిచాక ఊరు వెళ్ళాం. వదిన పెట్టె తీసి కాయితం నా ముందు పెట్టింది. విప్పకుండానే తిరిగి ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఇంకా నాతో పొడిపొడిగానే మాట్లాడుతుంది. మాట్లాడనీయండి, పదకొండేళ్ళ తుప్పు ఒక్క ఫోనుతో పోతుందా? వచ్చేటప్పుడు అన్నయ్య అరబస్తా మిరపకాయలు బండిలో వేశాడు. అవి దంచించిన నాడు తుమ్మి తుమ్మి వీధి వీధంతా మమ్మల్ని తిట్టుకుంది.

ఇప్పుడు ఏటా తపస్కాలం దగ్గర పడితే మా వారు క్యాలెండరు తిరగేస్తారు. "ఏమోయ్, ఈ యేడు నీ రిట్రీటు ఎప్పుడు?" అని ఎంతో భక్తిగా అడుగుతారు. ఆ భక్తి దేనికో నాకు తెలుసు. ముందు జాగ్రత్తగా ఉప్పు డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'ఉప్పు' అని రాసిపెట్టుకున్నారు కూడాను.