కచ్రా స్పిన్, బాలూ స్పిన్

2001లో ‘లగాన్’ వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి హాల్లో చూశాం. కచ్రా హ్యాట్రిక్ తీయగానే అందరితోపాటు నేనూ లేచి చప్పట్లు కొట్టాను. మొన్న టీవీలో అదే సినిమా మళ్ళీ చూస్తుంటే, ఆ ఘట్టం దగ్గర చేతులు లేవలేదు. ఎందుకో చెబుతాను.

కథ 1893 నాటిది. చంపానేర్ జట్టులో హిందువులతోపాటు ముస్లిం ఇస్మాయిల్, సిక్కు దేవా సింగ్, మాటలు రాని బాఘా ఉన్నారు. అంటరానివాడైన కచ్రా కూడా ఉన్నాడు. ఆ పేరుకు అర్థమే చెత్త. అతని చెయ్యి ఒకటి చచ్చుబడింది. ఆ చేత్తో విసిరితే బంతి గిర్రున తిరుగుతుంది. ఎవరూ నేర్పలేదు, తను సాధన చెయ్యలేదు. లోపమే వరమైపోయింది.

కులం చెప్పేదీ ఇదే కదా! మనిషి యోగ్యత ఒంట్లోనే ఉంటుంది, శ్రమలో కాదు అని.

నిజానికి ఆ కాలంలోనే అలాంటి స్పిన్నర్ ఒకడున్నాడు. పేరు పల్వంకర్ బాలూ, దళితుడు. పూనాలో దొరల జింఖానాలో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ పనులు చేసేవాడు. నెట్స్‌లో దొరలకు గంటల తరబడి బంతులు వేసి వేసి ఆ విద్య పట్టుకున్నాడు. దొరల్ని ఓడించడానికి హిందువులకు అతని చెయ్యి కావాలి. అందుకని జట్టులోకి తీసుకున్నారు. టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో ఇచ్చారు. 1906లో బొంబాయిలో హిందువులు యూరోపియన్లను 109 పరుగుల తేడాతో ఓడించినప్పుడు జట్టులో అతనున్నాడు. 1911 ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకు కెప్టెన్‌ని చెయ్యలేదు. ఆ పదవి 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది.

సినిమాలో భువన్ ఊరిని ఒప్పించే తీరు చూడండి. రాముడు శబరి ఎంగిలి తిన్నాడు కదా అంటాడు. మరి ఉత్తరకాండలో అదే రాముడు శంబూకుణ్ణి చంపాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు 1920లోనే ‘శంబూకవధ’ నాటకం రాసి ఈ సంగతి నిలదీశారు. మనిషి హక్కుకు పురాణాన్ని సాక్ష్యం తెస్తే, నాలుగు పేజీలు తిప్పగానే అదే పురాణం ఎదురు సాక్ష్యం చెబుతుంది.

ఒక్క విషయంలో సినిమాను మెచ్చుకోవాలి. తొలిరోజు కొత్త బంతి తిరగదు, అరిగాక తిరుగుతుంది. అది మహిమ కాదు, దానికో కారణం ఉంది. బంతి మీద పెట్టిన ఆ శ్రద్ధ కచ్రా మీద పెట్టలేదు. అతన్ని చేర్చుకోవాలా వద్దా అని ఊరంతా వాదించుకుంటుంది గానీ నీకు ఆడాలని ఉందా అని అతన్ని అడగదు.

ఇంత తప్పుపడుతున్నానే, నా లెక్క కూడా చెప్పాలి. డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. 1980లలో నేనున్న ఒక ఆఫీసులో మాకందరికీ పింగాణీ కప్పులు, ఊడ్చే అతనికి మాత్రం కిటికీలో బోర్లించిన గాజు గ్లాసు. అందులో టీ పైనుంచి పోసేవారు. తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించేవాడు. పావలా తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని లెక్క తేల్చే నేను, ఆ గ్లాసు గురించి ఒక్కమాట అనలేదు. అప్పటికే హేతువాద సభలకు వెళుతున్నాను కూడా.

అతనికి స్పిన్ రాదు. ఎవరినీ గెలిపించలేదు. శుభ్రంగా ఊడ్చేవాడు, అంతే. కచ్రా బంతి తిరగకపోతే చంపానేర్ ఏం చేసేదో ఊహించడం నాకు కష్టం కాదు. ఆ ఊళ్ళో నేను నాలుగేళ్ళు ఉన్నాను.